మా సంస్థలో మర్యాద అమలైన విధం

గత ఏడాది మూడో నెల ఒకటో తేదీ ఉదయం పది గంటల నుంచి మా సంస్థలో మర్యాద అమల్లోకి వచ్చింది. సర్క్యులర్ నంబరు నలభై ఒకటి. అంతకుముందు మా దగ్గర మర్యాద లేదని కాదు. ఉండేది, కాని రాతపూర్వకంగా లేదు కనుక దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

మాది తుప్పు మీద పరిశోధన చేసే సంస్థ. ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది, ఎంత వేగంగా పడుతుంది, పట్టకుండా ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నల మీద ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్నాం. మొదటి రెండింటికీ జవాబులు మేం పుట్టకముందే తెలుసు. మూడోదాని మీద ఆశతో బతుకుతున్నాం. నేను ఇక్కడ లైబ్రేరియన్‌ని.

మా వంటి సంస్థలకు ఐదేళ్లకోసారి గుర్తింపునిచ్చే సంఘం ఒకటుంది. ఆ సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. "మీ పరిశోధకులు ఒకరితో ఒకరు గౌరవంగా మసలుకోవడానికి ప్రమాణాలున్నాయా? ఫిర్యాదులు స్వీకరించే పద్ధతి ఉందా? ఉంటే ప్రతి జతపరచండి." డైరెక్టర్ గారు ఆ ఉత్తరం చదువుతూ 'ఉంటే' అన్న మాట దగ్గర ఆగిపోయారు. నన్ను పిలిపించారు.

"ఇవి మన దగ్గర ఉన్నాయా?"

"రేపటికి ఉంటాయండీ" అన్నాను.

మరునాటికి ఉన్నాయి. చేపల మీద పరిశోధన చేసే ఒక సంస్థవాళ్ల నియమావళి నా బీరువాలో ఉంటే, పేరు మార్చి, తేదీ మార్చి, అచ్చు వేయించి ఇచ్చాను. హడావుడిలో పద్నాలుగో నిబంధన మార్చడం మరిచిపోయాను. అందువల్ల మా శాస్త్రవేత్తలు ఈనాటికీ చేపలను అనవసరంగా నొప్పించకూడదు; వాటిని పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. మా దగ్గర చేపలు లేవు కనుక ఆ నిబంధనను నూటికి నూరు శాతం పాటిస్తున్నట్టు వార్షిక నివేదికలో రాసుకున్నాం. మిగతా ఇరవై మూడు నిబంధనలు మనుషుల గురించి.

ఫిర్యాదుల సంఘానికి అధ్యక్షులుగా పూత సార్‌ను నియమించారు. ఆయన అసలు పేరు గది తలుపు మీద ఇత్తడి అక్షరాల్లో మెరుస్తూనే ఉంటుంది గాని, ఇనుముకు తుప్పు పట్టకుండా ఆయన ఒక పూత కనిపెట్టిన దగ్గర్నుంచి అందరూ పూత సారే అంటారు, ఆయన లేనప్పుడు. ఫిర్యాదుల విషయంలో ఆయనకున్నంత అనుభవం మరెవరికీ లేదు. అప్పటిదాకా నోటిమాటగా వచ్చిన ఫిర్యాదులన్నీ ఆయన మీద వచ్చినవే. డైరెక్టర్ గారు సభ్యులు. కార్యదర్శిని నేను.

ఫిర్యాదుల పెట్టెను పారదర్శకత కోసం అద్దంతో చేయించాం. దాన్ని డైరెక్టర్ గారి గుమ్మం పక్కన, కెమెరా కింద బిగించాం. ప్రారంభోత్సవం రోజున పూత సార్ ప్రసంగిస్తూ, "ఎవరూ భయపడవద్దు. ఫిర్యాదు చేసినవాళ్ల సంగతి నేను స్వయంగా చూసుకుంటాను" అని అభయమిచ్చారు. చప్పట్లు కొట్టాం. రెండు నెలలపాటు పెట్టె ఖాళీగా ఉంది. మర్యాద పనిచేస్తోందనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

అలాంటి ప్రశాంత వాతావరణంలో తూకం అక్క విషయం వచ్చిపడింది.

తూకం అక్క పందొమ్మిదేళ్లుగా మా త్రాసు గదిలో పనిచేస్తోంది. శాస్త్రవేత్త కాదు. ప్రతి సోమవారం ఉప్పునీటి తొట్లలో నానుతున్న ఇనుప పట్టీలను పటకారుతో బయటికి తీసి, తుప్పు కడిగి, ఆరబెట్టి, తూచి, ఎంత ఇనుము పోయిందో నోట్‌బుక్‌లో రాయడం ఆమె పని. నాలుగో దశాంశ స్థానం దాకా రాస్తుంది. తూచేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తుంది, ఊపిరి బిగబట్టుకుంటుంది. ఎవరైనా విసురుగా గదిలోకి వస్తే, "కాస్త మెల్లగా రండి బాబూ, గాలి కూడా తూగుతుంది" అంటుంది. బారెడు డిగ్రీలున్నవాళ్లు సైతం ఆ గదిలో మునివేళ్ల మీద నడుస్తారు. ఆమె కొలువును ఏడాదికోసారి పొడిగిస్తారు. పందొమ్మిదిసార్లు పొడిగించారు, అంటే పందొమ్మిదిసార్లు దయ చూపారు. సంస్థలో ఆమెను అక్కా అని పిలవనివాళ్లు ఇద్దరే. డైరెక్టర్ గారు 'అమ్మా' అంటారు. పూత సార్ 'ఏయ్' అంటారు.

పూత సార్ పూతను అప్పటికి ఆరునెలలుగా ఉప్పునీళ్లలో పరీక్షిస్తున్నాం. పూత పూసిన పట్టీలు ఇరవై, పూయనివి ఇరవై. ఆరునెలలకు రెండు రకాలకూ ఇంచుమించు సమానంగా తుప్పు పట్టింది. ఇంచుమించు అన్నది నా మాట. తూకం అక్క నోట్‌బుక్ ప్రకారం, పూత పూసినవాటికి కాస్త ఎక్కువే పట్టింది.

ఒక మంగళవారం ఉదయం ఆ ఫలితాలు చూడటానికి త్రాసు గదిలో సమావేశమయ్యాం. పూత సార్, తూకం అక్క కాకుండా ఇంకో పన్నెండు మంది ఉన్నాం.

"ఏంటివి?" అన్నారు పూత సార్ నోట్‌బుక్‌ను వేలితో పొడుస్తూ.

"తూకాలు సార్."

"తూకాలని నాకూ తెలుసు. ఇలా ఎందుకున్నాయి?"

"త్రాసు ఇలాగే చూపించింది సార్. ఒక్కోటి మూడేసిసార్లు తూచాను."

"త్రాసు చూపిస్తే రాసేయడమేనా? బుర్ర లేదూ? ఈ పరీక్ష తూకాలు పెన్సిల్‌తో రాయమని చెప్పానా లేదా?"

"పెన్సిల్‌తో రాస్తే చెరిగిపోతుంది కదా సార్."

ఆమె ఎత్తిపొడవడానికి అనలేదు. నిజంగానే సందేహం కొద్దీ అంది. పూత సార్ మొహం ఎర్రబడింది. "నువ్వెంత, నీ చదువెంత? గిన్నెలు తోముకునేదానికి త్రాసిచ్చి కూర్చోబెడితే నాకే పాఠాలు చెప్తావా?" అంటూ నోట్‌బుక్ విసిరారు. అది ఆమె భుజానికి తగిలి, మూడో నంబరు తొట్టిలో పడింది. ఆరునెలల తూకాలు ఉప్పునీళ్లలో తేలాయి.

పన్నెండు మందిమీ ఎక్కడివాళ్లం అక్కడే నిలబడ్డాం. తూకం అక్క పటకారుతో నోట్‌బుక్‌ను బయటికి తీసి, పట్టీలను ఆరబెట్టినట్టే పేజీ పేజీ విడదీసి ఆరబెట్టింది. బాల్‌పెన్ను రాత కనుక ఒక్క అంకె కూడా చెరగలేదు. కాని ఆ మధ్యాహ్నం ఆమె త్రాసు ముందు కూర్చుని, ఎంతసేపటికీ ఊపిరి కుదుటపడక, తూచకుండానే లేచిపోయింది. పందొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

మరుసటి రోజు అద్దాల పెట్టెలో ఒక కాగితం కనిపించింది.

తేదీ, సమయం, గదిలో వేడి, గాలిలో తేమ. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు. విసిరిన వస్తువు బరువు మూడు వందల పన్నెండు గ్రాములు, తడవక ముందు. కంప్రెసర్ మోత కొలవడానికి ఆ గది గోడకు బిగించిన మీటరు పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు చూపిన శబ్దం తొంభై ఒక్క డెసిబెల్సు. కంప్రెసర్ ఆ రోజు మరమ్మతుకు వెళ్లిందని కింద గమనిక. చివర 'కోరిక' అన్నచోట ఒకే వాక్యం: "ఆ మాటలు ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే 'తప్పయింది' అనాలి." బదిలీ అడగలేదు, శిక్ష అడగలేదు.

నిజం చెప్పాలంటే మా సంస్థ నుంచి ఆ ఏడాది వెలువడిన పత్రాలన్నిటిలో అంత పకడ్బందీగా ఉన్నది మరొకటి లేదు. రాత బయటివైపుకే ఉండటంతో భోజనాల వేళకు అందరూ చదివేశారు. కొందరు ఫొటో తీసుకున్నారు. రెండో పేరాలో కామా పడాలని ఎవరో అద్దం మీద చీటీ అంటించారు. ఫిర్యాదుల సంఘం తక్షణమే స్పందించి పెట్టెకు పరదా కుట్టించింది.

మొదటి సమావేశంలోనే ఒక నైతిక సమస్య ఎదురైంది. పూత సార్ లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "ఫిర్యాదు నా మీదే వచ్చింది. కాబట్టి అధ్యక్షుడి కుర్చీలో నేను కూర్చోవడం ధర్మం కాదు" అన్నారు. ఆ మాట అని, పక్క కుర్చీలోకి మారారు. డైరెక్టర్ గారికి కళ్లు చెమర్చాయి. ఆ రోజంతా ఖాళీ కుర్చీయే అధ్యక్షత వహించింది. నా అనుభవంలో అంత నిష్పాక్షికమైన అధ్యక్షులను మళ్లీ చూడలేదు.

మేం శాస్త్రీయ సంస్థ కనుక ఫిర్యాదును శాస్త్రీయంగానే పరిశీలించాలని తీర్మానించాం. పరిశోధన పత్రాన్ని అచ్చు వేసే ముందు, పేరు బయటపెట్టని ఇద్దరు నిపుణులకు పంపి అభిప్రాయం తీసుకుంటారు. ఫిర్యాదునూ అలాగే పంపాం. మొదటి నిపుణుడు ఎవరో నాకు తెలియదు. రెండో నిపుణుడి అభిప్రాయం పూత సార్ చేతిరాతలో వచ్చింది, యాదృచ్ఛికం కావచ్చు. "ఫిర్యాదులో 'బుర్ర లేదూ', 'గిన్నెలు తోముకునేది' వంటి అమర్యాదకర పదాలు వాడారు. ఇలాంటి భాష మన నియమావళిలోని ఆరో నిబంధనకు విరుద్ధం" అని ఆయన ఎత్తిచూపారు. నిబంధన స్పష్టంగా ఉంది. ఎవరన్నారన్నది అందులో లేదు. అమర్యాదకర పదాలు వాడినందుకు సంజాయిషీ కోరుతూ తూకం అక్కకు నోటీసిచ్చాం.

నోటీసు నేనే తీసుకెళ్లాను. ఆమె రెండుసార్లు చదివింది.

"ఈ మాటలు నావి కావు కదా సార్."

"కాగితం మీద నీ చేతిరాతలో ఉన్నాయి కదక్కా."

"అయితే తుప్పు గురించి రాసిన ప్రతిసారీ నేనే తుప్పు పట్టించినట్టా?"

సంజాయిషీగా దాన్నే రాసివ్వమన్నాను. రాసిచ్చింది. విషయానికి సంబంధం లేదని ఫైల్లో పెట్టాం.

తర్వాత సాక్షుల వంతు వచ్చింది. పన్నెండు మందికీ ఫారాలు పంచాం. పదకొండు మంది గదిలో ఉన్నామనీ, కాని ఏమీ గమనించలేదనీ రాసిచ్చారు. పన్నెండో మనిషి స్టోర్స్ ఆఫీసర్. ఆయన ఇంకాస్త ముందుచూపు గలవాడు. ఆ సమయంలో తాను గదిలోనే లేననీ, స్టోర్స్‌లో గాజు గొట్టాలు సర్దుకుంటున్నాననీ రాసి, సంతకం చేసి, సీలు కూడా వేశారు. పదకొండు మందిలో నేనూ ఒకణ్ని. నా ఫారం నేనే నింపి, నాకే ఇచ్చుకుని, నేనే రసీదు ఇచ్చుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఆరిన బట్టలు మడతపెడుతూ మా ఆవిడకు ఈ సంగతి చెప్పాను. ఆమె బడిలో టీచరు.

"ఇంతకీ ఆయన ఆ మాట అన్నాడా లేదా?"

"అన్నాడు."

"విసిరాడా?"

"విసిరాడు."

"మీరు చూశారా?"

"నేను కార్యదర్శిని. కార్యదర్శి ఒక పక్షం వహించకూడదు."

ఆమె నా చేతిలోని చొక్కా లాక్కుని తనే మడతపెట్టింది. "మా మూడో తరగతి పిల్లలు నయం. ఎవడు కొట్టాడ్రా అని అడిగితే కనీసం వేలు చూపిస్తారు."

వాళ్లకు విధివిధానాలు తెలియవని చెప్పబోయాను గాని, ఆమె అప్పటికే వంటింట్లోకి వెళ్లిపోయింది.

సాక్ష్యాలు లేనప్పుడు శాస్త్రం చేతులెత్తేయదు. డైరెక్టర్ గారు ఒక మహత్తర ప్రతిపాదన చేశారు. "ఒకసారి జరిగినదాన్ని సైన్సు ఒప్పుకోదు. మళ్లీ అదే పరిస్థితుల్లో అదే ఫలితం రావాలి. వస్తే సత్యం, రాకపోతే భ్రమ." కాబట్టి సంఘటనను తిరిగి జరిపించి చూడాలని తీర్మానించాం. బుధవారం మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర వరకు ప్రయోగ సమయం. అదే గది, అదే వరుస, అదే పదకొండు మంది. మూడు వందల పన్నెండు గ్రాముల బరువున్న కొత్త నోట్‌బుక్‌ను స్టోర్స్ ఆఫీసర్ మంజూరు చేశారు. అసలు రోజున గదిలో లేనివాడు కాబట్టి గుమ్మం బయటే నిలబడి అందించారు. డైరెక్టర్ గారు వాచీ చూసి, "కానివ్వండి" అన్నారు.

పూత సార్ నోట్‌బుక్ తెరిచారు. ఆయన మొహంలో అంత శాంతం నేనెన్నడూ చూడలేదు.

"అమ్మా, ఈ తూకాలు మీరు రాసినవేనా? ఎంత ముత్యాల్లాంటి అక్షరాలమ్మా! మీ ఓపికకు జోహార్లు." రెండు చేతులతో నోట్‌బుక్‌ను ఆమెకు అందించారు. మీటరు యాభై నాలుగు చూపింది.

మూడుసార్లు జరిపాం. యాభై నాలుగు, యాభై రెండు, యాభై మూడు. మూడోసారి ఆయన ఆమెకు కుర్చీ కూడా వేశారు. తూకం అక్క నిలబడే ఉంది. ఆమె చెవులు ఎర్రబడటం మాత్రం కనిపించింది. రెండున్నరకు డైరెక్టర్ గారు ప్రయోగం ముగిసిందని ప్రకటించారు. ఆరోపిత సంఘటన పునరావృతం కాలేదని నేను రాసుకున్నాను.

అందరూ లేస్తుండగా పూత సార్ హుషారుగా, "అయినా ఆ పూత గురించి గొడవేంటో నాకర్థం కాదు. నష్టం ఎంత? సున్నా పాయింట్ సున్నా మూడు. అంతేగా!" అన్నారు.

"సున్నా పాయింట్ మూడు సార్. ఒక సున్నా ఎక్కువ చెప్పారు" అంది తూకం అక్క.

తర్వాత జరిగినదాన్ని వర్ణించను. మీటరు తొంభై నాలుగు చూపిందనీ, కొత్త నోట్‌బుక్ ఐదో నంబరు తొట్టిలో పడిందనీ, మొదటి రోజు మాటలకు మరో మూడు మాటలు తోడయ్యాయనీ మాత్రం చెప్పగలను. అప్పుడు సమయం రెండు గంటల ముప్పై నాలుగు నిమిషాలు. గదిలో సంఘం మొత్తం ఉంది.

తూకం అక్క డైరెక్టర్ గారి వైపు తిరిగింది. "ఇప్పుడు వచ్చింది కదండీ ఫలితం?"

డైరెక్టర్ గారు మళ్లీ వాచీ చూసుకున్నారు. ఆయన శాస్త్రవేత్త; తేలిగ్గా తొణికే మనిషి కాదు. "ప్రయోగ సమయం ముగిసిన నాలుగు నిమిషాలకు వచ్చిన ఫలితాన్ని లెక్కలోకి తీసుకుంటే రేపు మన పరిశోధనలకు విలువేముంటుందమ్మా? పైగా కోప్పడి చూపించమని ఆయన్ని మేమే అడిగాం. ఆయన కాస్త ఆలస్యంగానైనా సంఘం మాట మన్నించారు. ఆ వినయాన్ని మెచ్చుకోవాలి" అన్నారు. మెచ్చుకుంటూ తీర్మానం రాశాను.

విచారణ అలా పూర్తయింది. రెండు పక్షాలూ సంతోషపడేలా ఒక ప్రకటన తయారుచేశాం. తయారీకి ఐదు సమావేశాలు పట్టాయి. "త్రాసు గదిలో ఏదైనా జరిగి ఉంటే, లేదా జరిగినట్టు ఎవరికైనా అనిపించి ఉంటే, అలా అనిపించినందుకు సంస్థ వారి పక్షాన విచారిస్తోంది." దాని కింద తూకం అక్క సంతకం పెట్టాలి.

ఆమె కాగితం అంతా చదివి, తిప్పి వెనక వైపు కూడా చూసింది. "ఇందులో తప్పయింది అన్న మాట ఎక్కడుంది సార్?"

"అర్థంలో ఉందక్కా."

"అర్థాన్ని నేను తూచలేను సార్" అని కాగితం తిరిగిచ్చేసింది.

సంతకం రాలేదు కనుక ఫిర్యాదు ముగియలేదు. ఫిర్యాదు ముగియలేదు కనుక వార్షిక నివేదికలో 'ఫిర్యాదులు: సున్నా' అని రాయడానికి లేదు. డైరెక్టర్ గారికి నిద్ర పట్టలేదు. చివరికి ఆయనకే ఒక ఉపాయం తట్టింది. మర్యాద అమల్లోకి వచ్చి ఏడాదైన సందర్భంగా సభ పెట్టి, 'ఉత్తమ సహనశీలి' పురస్కారం ప్రవేశపెట్టి, మొదటి పురస్కారం తూకం అక్కకు ఇవ్వాలని నిర్ణయించాం. పురస్కారం తీసుకుంటే ఫిర్యాదు ఉపసంహరించుకున్నట్టేనని ప్రశంసాపత్రం వెనక చిన్న అక్షరాల్లో వేయించాం. అందజేసేది పూత సార్.

సభకు కుటుంబాలను కూడా పిలిచాం. డైరెక్టర్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. "ఇనుముకు తుప్పు పడుతుంది. ఎందుకు? అది గాలికి స్పందిస్తుంది, నీటికి స్పందిస్తుంది. బంగారాన్ని చూడండి. దేనికీ స్పందించదు. అందుకే దాన్ని మెడలో వేసుకుంటాం. ఉద్యోగి అన్నవాడు బంగారంలా ఉండాలి!" హాలు దద్దరిల్లింది. పూత సార్ పుష్పగుచ్ఛం అందించి, తూకం అక్కతో కలిసి ఫొటోకు నిలబడ్డారు. ఆమె కెమెరా వైపు చూడలేదు. కార్యక్రమ పత్రంలో 'స్పందన, రెండు నిమిషాలు' అని ఉంది. ఆమె మైకు దగ్గరికి వెళ్లి, మడిచిన కాగితం విప్పింది.

మొదటి వాక్యానికి మైకు కీచుమంది. ఆ వాక్యం ఎవరికీ వినబడలేదు. కుర్రాళ్లెవరో సరిచేశాక, ఆమె మామూలు గొంతుతో చదవడం మొదలుపెట్టింది.

"రసాయనాల విభాగం మేడమ్ గారు. ఫోన్ తీశారు, మళ్లీ లోపల పెట్టేశారు."

వందన సమర్పణ అనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ గారు సగం లేచి కూర్చున్నారు.

"మైక్రోస్కోప్ సార్. తలుపు వైపు చూశారు."

చప్పట్లు.

"పెయింట్ల విభాగం సార్. దగ్గారు. రెండుసార్లు."

చప్పట్లు. వెనక వరుసల్లోంచి ఒక ఈల కూడా వినబడింది.

అలా ఒక్కొక్కరినీ చదువుతూ వచ్చింది. తొందరపడలేదు, గొంతు పెంచలేదు. ఒక్కో తూకం చెబుతున్నట్టే ఉంది. పూత సార్ వేదిక మీద నిలబడి మరీ చప్పట్లు కొడుతున్నారు. ఏడో పేరుకో ఎనిమిదో పేరుకో నాకు ఆ మంగళవారం గుర్తొచ్చి విషయం అర్థమైంది. అర్థమై చేసేదేముంది, చేతులు వాటంతట అవే చప్పట్లు కొడుతున్నాయి.

"లైబ్రేరియన్ గారు. ఏదో అనబోయి నోరు తెరిచారు. తర్వాత ఆవలించారు."

అది నిజం. నేను లేచి నిలబడి, నాలుగు వైపులా తిరిగి తల వంచాను. అలవాటు. నా పక్కన కూర్చున్న మా ఆవిడ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. ఆమెకు సభామర్యాద తెలియదు.

పదకొండు పేర్లు అయ్యాక తూకం అక్క కాగితం మడిచి, పుష్పగుచ్ఛం పూత సార్ చేతిలోనే పెట్టి, ప్రశంసాపత్రం బల్ల మీదే వదిలేసి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఇంత చక్కని స్పందన ఈమధ్య వినలేదని డైరెక్టర్ గారు నాతో అన్నారు.

మరునాడు ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు పరదా వెనక పెట్టెలో రెండో ఫిర్యాదు పడింది. స్టోర్స్ ఆఫీసర్ రాసింది. "నిన్నటి సభలో పదకొండు మందిని పేరుపేరునా ప్రస్తావించి నన్ను విస్మరించడం నా గౌరవానికి భంగకరం. ఆ రోజు త్రాసు గదిలో నేనూ ఉన్నాను. ముందే నిలబడ్డాను. నోట్‌బుక్ నా చెవి పక్కనుంచే వెళ్లింది."

విషయ తీవ్రత గుర్తించి సంఘం తొమ్మిదిన్నరకే సమావేశమైంది. నిపుణులకు పంపలేదు, ఫారాలు పంచలేదు, ప్రయోగం చేయలేదు. బాధితుడి మాట నమ్మకపోతే ఎవరిని నమ్ముతాం? పదకొండు గంటలకు అందరం త్రాసు గదిలో హాజరయ్యాం. తూకం అక్క ఫ్యాన్ ఆపుకుని తన పనిలో ఉంది. పూత సార్ నేరుగా స్టోర్స్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"తప్పయిందండీ. నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చాం. నన్ను క్షమించండి."

ఆ మాట ఆయనకు పలకడం రాదేమోనని నాకు చాలా నెలలుగా అనుమానం. చక్కగా పలికారు. ఒత్తు కూడా స్పష్టంగా పడింది. గోడ మీద మీటరు నలభై ఎనిమిది చూపింది.

తూకం అక్క త్రాసు మీదనుంచి తలెత్తి స్టోర్స్ ఆఫీసర్‌ను అడిగింది. "మీరు ఆ రోజు గదిలో లేరని సీలు వేసి మరీ రాసిచ్చారు కదండీ?"

"అది వేరు, ఇది వేరు అక్కా" అన్నారాయన కళ్లు తుడుచుకుంటూ. "అది సాక్ష్యం. ఇది గౌరవం."

ఆమె చేతిలో ఉన్న పట్టీని తూచి, అంకె రాసి, త్రాసుకు గుడ్డ కప్పింది. సాయంత్రం వెళ్లేటప్పుడు లైబ్రరీకి వచ్చి నాకొక కాగితం ఇచ్చింది. 'రేపటి నుంచి రాను' అని అందులో ఉంది. మందులు తయారుచేసే చోట తూకం పని దొరికిందట.

"అక్కడైనా మాట వింటారా అక్కా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"వింటారట సార్. పిసరంత తేడా వస్తే మనుషులు పోతారు కదా, అందుకని." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "మీరు ఆ రోజు ఏం చెప్పబోయారు సార్, ఆవలించే ముందు?"

గుర్తు లేదన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. నాకు గుర్తుంది. 'అయ్యో' అనబోయాను. అంతకన్నా పెద్ద మాటేమీ కాదు.

ఆమె వెళ్లిన తర్వాత మా సంస్థ ఫలితాలు అద్భుతంగా మెరుగుపడ్డాయి. తూకాలు ఇప్పుడు పూత సార్ విభాగంవాళ్లే తూస్తున్నారు, పెన్సిల్‌తో. ఫ్యాన్ ఆపడం లేదు. పూత పూసిన ఇనుముకు తుప్పు పట్టడం దాదాపు ఆగిపోయింది. ఫిర్యాదుల్లో ఒకటి ఫిర్యాదీ వెళ్లిపోవడం వల్ల, ఇంకొకటి న్యాయం జరగడం వల్ల ముగిశాయి. గుర్తింపు సంఘంవారు వచ్చి చూసి, గౌరవప్రదమైన ప్రవర్తనలో మాకు అత్యున్నత శ్రేణి ఇచ్చి, చేపల నిబంధనను ప్రత్యేకంగా అభినందించి వెళ్లారు. పూతను నిర్మాణాల్లో వాడటానికి అనుమతి వచ్చింది. బళ్లలో, ఆసుపత్రుల్లో, మేడలున్న ప్రతిచోటా మెట్ల పక్కన ఇనుప కమ్మీలకు ఇప్పుడు అదే పూస్తున్నారు.

ఇదంతా చదివి, మేమైతే ఆ గదిలో ఊరుకునేవాళ్లం కాదని మీరు అనుకుంటున్నారని నాకు తెలుసు. మేం పన్నెండు మందిమీ అలాగే అనుకుంటాం. కాబట్టి మీతో వాదించను. చిన్న మనవి మాత్రం. ఎక్కడైనా మెట్లు దిగేటప్పుడు పక్కన కమ్మీ కొత్తగా, నున్నగా మెరుస్తూ కనిపిస్తే దాని మీద భారం వేయకండి. మర్యాదగా పట్టుకోండి.